బ్రాందీ లేని మందు

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటి పిన్నిగారు దగ్గు మందు ఎవరికిచ్చినా, ముందు సీసా మూత తీసి వాళ్ల ముక్కు దగ్గర పెట్టేవారు. "వాసన సూడమ్మా. బ్రాందీ నేదు. ఉత్త తేనే, వెనిగరే" అనేవారు. ఎవరూ అడక్కపోయినా అనేవారు.

పూర్వం ఆవిడ అడ్డసరం ఆకు సన్నగా తరిగి బ్రాందీలో నానబెట్టి, కొన్ని వారాలయ్యాక వడకట్టేవారట. అలా చేస్తే మందు ఏడాదైనా చెడదు. ఒక చలికాలం బాబాయిగారికి దగ్గు పట్టుకుంది. ఆయన తాగుడు మానేసి అప్పటికి చాలా ఏళ్లయింది. మందే కదా అని ఆవిడే చెంచాడు నీళ్లలో కలిపి ఇచ్చారు. వారం తిరక్కుండా సీసా ఖాళీ అయింది. ఆ తర్వాత ఆయన షాలిమార్ యార్డులో డ్యూటీ దిగి తిన్నగా ఇంటికి రావడం మానేశారు. మళ్లీ ఆ తాగుడు వదిలించుకోవడానికి ఏళ్లు పట్టింది.

ఈ సంగతి బాబాయిగారే నాకు చెప్పారు. నేను మందు కోసం వెళ్లిన రోజు పిన్నిగారు నా ముక్కు దగ్గర మూత పెట్టగానే, ఆయన ఇదంతా చెప్పి ఆవిడ వైపు తిరిగారు.

"ఇంకెన్నాళ్లే ఈ బాధ? నువ్వు పోసింది సెంచాడు. మిగతాదంతా నానే పోసుకున్నాను గదా!"

పిన్నిగారు ఆయన మొహంలోకి చూడలేదు.

"ఆ సెంచాడు మీరు అడిగేరేటి?" అన్నారు మెల్లగా. "అడక్కుండా పోసేను."