అహోబిలం జీపులో విభూది సిలువ

ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి జీపు తోలే రాయప్పకు కోపమెక్కువ. తన బండిలో వెనక వచ్చేవి చూసుకునే ముందరి అద్దాన్ని ఎవరన్నా తాకితే చాలు, దింపేసేవాడు. ఆ అద్దానికి ఏడాది పొడుగునా ఈతాకుతో అల్లిన చిన్న సిలువ వేలాడేది. మట్టల ఆదివారం నాడు చర్చిలో ఇచ్చిన ఆకది.

తొంభై ఎనిమిదిలో ఆ ఎండిన సిలువను ఫాదరుకు ఇచ్చేశాడు. అట్లాంటి ఆకులన్నీ కాల్చిన బూడిదతోనే విభూది బుధవారం తెల్లారి పూజలో ఫాదరు అందరి నుదుటా సిలువ గుర్తు వేశాడు.

పూజ కాగానే రాయప్ప యాత్రికులను ఎక్కించుకున్నాడు. దోవలో బడి కాడ దింపాలని కూతురు లూర్దుమేరిని పక్కన కూచోబెట్టుకున్నాడు. బడిలో నవ్వుతారని ఆ పిల్ల వెంట్రుకలు నుదుటి మీదికి లాక్కుంది.

వెనక సీట్లో నామం పెట్టుకున్న పెద్దాయన ఊరుకోలేదు. "ఏందప్పా, నరసింహస్వామి కాడికి పోతా శివుని విభూది పెట్టుకుంటివి? తుడుచుకో."

రాయప్ప బండి ఆపేశాడు. "శివునిది కాదు సామీ, మా యేసుసామిది. ఈ బూడిదైన ఆకు ఏడాదంతా ఈ అద్దానికి యాలాడి, దినామూ అహోబిలం పోయొచ్చింది. మీ నామం మీరు తుడుచుకుంటారా? అట్లయితే నేనూ తుడుచుకుంటా."

పెద్దాయన తన నామాన్ని తడుముకుని, "ఉండనీలేప్పా, బండి పోనీ" అన్నాడు.

బడి కాడ జీపు ఆగినా లూర్దుమేరి వెంటనే దిగలేదు. వెంట్రుకలు రెండు చేతులా పైకి తోసి, అద్దాన్ని తన వైపుకు తిప్పుకుని, "నాయనా, సిలువ చెరగలేదు కదా?" అంది.

అహోబిలం చేరేదాకా రాయప్ప ఆ అద్దాన్ని సరిచేసుకోలేదు.