ఇంగ్లిష్‌లో చూపిన మర్యాద

సూరత్ పక్కనే హజీరాలో ఒక ఫ్యాక్టరీలో, హెచ్‌ఆర్ విభాగంలో పనిచేస్తాను. కిందటేడు మా ఆపరేటర్ మల్లేశ్ ఆత్మహత్య చేసుకున్నాడు. కుటుంబానికి ఇచ్చే సంతాప లేఖ కోసం ఐదుగురం ఏసీ గదిలో కూర్చున్నాం. ‘కమిటెడ్ సూసైడ్’ అంటే ఏదో నేరం చేసినట్టుంటుందని, ‘డైడ్ బై సూసైడ్’ అనాలని పూటంతా వాదించి గెలిచింది నేనే. అంతకు నెల ముందు ట్రైనింగ్‌లో నేర్చుకున్న ముక్క మరి. మేనేజరు నా సున్నితత్వాన్ని అందరి ముందూ మెచ్చుకున్నాడు.

తెలుగువాణ్ణని లేఖ ఇచ్చి రావడానికి మల్లేశ్ వాళ్లుండే డిండోలి బస్తీకి నన్నే పంపారు. అతని భార్య యాదమ్మ చాప వేసింది. కాగితం అటూ ఇటూ తిప్పి, “నాకు ఇంగ్లీష్ రాదు సారూ. ఏం రాసిన్రో జర చెప్పుండ్రి” అంది. పక్కనే పదేళ్ల కూతురు కూర్చుని ఉంది.

పూటంతా చెక్కిన ఆ వాక్యాల్లో ఒక్కటీ నాకు తెలుగులో రాలేదు. పెద్దరికం మాత్రం పొంగుకొచ్చింది.

“ఏం చెప్పాలమ్మా, పెళ్లాంపిల్లల్ని చూసైనా ఆగాలి కదా. ఇంత పిరికిపని చేస్తాడనుకోలేదు” అన్నాను.

పిల్ల తల్లి కొంగు పట్టుకుంది. యాదమ్మ ఏడవలేదు. కాగితం నా ముందు పెట్టి, “ఇంగ్లీష్‌ల గూడ గిట్లనే రాసిన్రా సారూ?” అని అడిగింది.

లేదమ్మా, ఇంగ్లిష్‌లో చాలా మర్యాదగా రాశాం అనబోయాను. ఆ మర్యాద మేం ఐదుగురం చదువుకోవడానికి రాసుకున్నదేనని అప్పుడు తెలిసింది.

ఆ లేఖను మా ఆఫీసులో ఇప్పటికీ కొత్తవాళ్లకు నమూనాగా చూపిస్తారు. కింద నా సంతకమే ఉంది.