హాతీరాం బాబాయి హోల్డాన్

హాతీరాం బాబాయికి ఒకటే జబ్బు. లోకంలో ఏ పని మొదలు కావాలన్నా ఆయన నోటి నుంచి "రైట్ రైట్" రావలసిందే. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బస్సు కండక్టరు. రిటైరయ్యాక బస్సు పోయింది కానీ కేక మిగిలింది. ఏన్కూరులో మా వీధి వాళ్ళమంతా ఆ కేకకు ప్రయాణికులమయ్యాం.

బంతి భోజనాల్లో ఆయన ఉన్నాడంటే ఆకలితో కూర్చున్నవాళ్ళ పని గోవిందా. వేడి అన్నం మీద నెయ్యి కరుగుతూ ఉంటుంది. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చుకునే సరికి ఆయన బంతి చివర నిలబడి, బస్సు ఆపినట్టే చెయ్యి అడ్డం పెట్టి హోల్డాన్ అంటాడు. ఈ కొస నుంచి ఆ కొసదాకా తొంగిచూసి, ఎవరి ఆకులోనో అప్పడం పడలేదని వడ్డించేవాళ్ళను వెనక్కి తిప్పి, అప్పుడు తీరిగ్గా "రైట్ రైట్" అంటాడు. ఆలోగా మా ఆయన వెంకటనారాయణ ముద్ద మింగేసి ఏమీ ఎరగనట్టు కూర్చుంటాడు.

ముత్తక్క కూతురి పెళ్ళిలో మరీ ఘోరం. పెళ్ళికొడుకు తాళి చేతపట్టుకుని లేచాడు. పురోహితుడు గట్టిమేళం అన్నాడు. బాబాయి హోల్డాన్ అన్నాడు. డోలు ఆగింది, పురోహితుడి నోరూ ఆగింది. సంగతేమిటంటే, పెళ్ళికూతురి తల్లి ముత్తక్క ఇంకా వంటల దగ్గరే ఉంది. ఆమె చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చి నిలబడ్డాక "రైట్ రైట్" వినబడింది, తాళి పడింది. ఆ తర్వాత చాలాకాలం బాబాయి ఎదురొస్తే పురోహితుడు సందు మార్చేవాడు.

ఇలాంటి మనిషి చేతిలో నా కాలు పడింది.

ఎనభై నాలుగు ఎండాకాలంలో, కొత్తగా పెళ్ళయిన మా చెల్లెలు భారతిని టేకులపల్లిలో అత్తవారింట దింపి, కిరాయి అంబాసిడర్‌లో తిరిగి వస్తున్నాం. అడవి మలుపులో అడవిపంది అడ్డం వచ్చింది. డ్రైవరు పందిని తప్పించాడు కానీ కల్వర్టును తప్పించలేకపోయాడు. కారు బోర్లాపడింది. మా ఆయనకూ డ్రైవరుకూ గీరుకుపోయిందంతే. నా ఎడమ కాలు విరిగింది. పంది మాత్రం క్షేమంగా ఇంటికి చేరిందని మా ఆయన పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు.

పిండికట్టు విప్పి, ఎముక అతుక్కుంది, ఇక నడవమన్నాడు డాక్టరు. ధైర్యం మాత్రం అతుక్కోలేదు. వీధిలో లారీ హారన్ మోగితే ఒళ్ళంతా చెమట పట్టేది. అందరూ ఎక్కడికో వెళ్ళిపోతున్నారు, నేనొక్కదాన్నే ఆ కల్వర్టు దగ్గర ఉండిపోయాననిపించేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే మా ఆయన మళ్ళీ పంది కథ ఎత్తుకుంటాడు.

ఒక పొద్దున బాబాయి వచ్చి మంచం ముందు నిలబడి "రైట్ రైట్" అన్నాడు. గోడ పట్టుకుని లేచి, కుడి కాలు ముందుకు వేసి ఆగిపోయాను.

"రెండోది ఏది బిడ్డా?"

"మీరు రైటే కదా అన్నారు."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "గట్లయితే ఒంటికాలు మీద ఖమ్మం దాక పోతవ్ మరి."

ప్రమాదం తర్వాత నాకు నవ్వు రావడం అదే మొదలు. ఆ నవ్వులో ఎడమ కాలు ఎప్పుడు ముందుకు పడిందో చూసుకోలేదు.

ఆనాటి నుంచి మా ఇల్లు బస్సు రూటయింది. మంచం డిపో, గడప ఒక స్టేజీ, బావి ఇంకో స్టేజీ. బావి రాగానే "బాయి కాడ దిగేటోళ్ళు దిగున్రి" అని ఊరందరికీ వినబడేలా అరిచేవాడు. దిగేది నేనొక్కదాన్నే. అలసి కూలబడితే, ఇంజను వేడెక్కిందని చెప్పి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చేవాడు. వానలు తగ్గేసరికి కర్ర లేకుండా వీధి చివరిదాకా సర్వీసు నడిచింది. కానీ బస్సు పేరెత్తితే మళ్ళీ డిపోకి వచ్చి పడుకునేదాన్ని.

అంతలో భారతికి సీమంతం పెట్టుకున్నారు. మాకు అమ్మ లేదు. పుట్టింటి గాజులు నేనే తొడగాలి. అక్క రాకపోతే గాజులే వద్దని భారతి కబురు పంపింది. టేకులపల్లి బస్సు ఆ మలుపు మీదుగానే పోవాలి.

ఆ రోజు మా ఆయన ముందే ఎక్కి సీటు పట్టాడు. నేను గాజుల సంచీతో మెట్టు మీద కాలు పెట్టాను. ఇంజను వణుకు కాలి ఎముకలోకి పాకింది. దిగిపోయాను. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. మాతో బయలుదేరిన బాబాయి తలుపుకు అడ్డంగా నిలబడి హోల్డాన్ అన్నాడు. లోపలివాళ్ళు తిట్టడం మొదలుపెట్టారు. ఉద్యోగంలో ఆయన తిన్న తిట్ల ముందు అవి ఏపాటి.

"నావల్ల కాదు బాబాయ్. ఈ సంచీ తీసుకుని మీరు వెళ్ళండి. రైట్ అనేయండి."

"ఎట్లంట?" ఆయన గొంతు తగ్గించాడు. "రైట్ అంటే పోనియ్ అని గాదు బిడ్డా. ఎనక ఎవ్వలు మిగల్లే అని. నువ్వు మిగిలినవ్ గదా."

అప్పడం పడని ఆకూ, వంటల దగ్గర ఉండిపోయిన ముత్తక్కా గుర్తొచ్చారు. ఇన్నేళ్ళూ ఈయనకు తిక్క అనుకుని నవ్వుకున్నాం. నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే ఎక్కాను. ఆయన నా వెనక ఎక్కి, రోడ్డు వంక ఒకసారి తొంగిచూసి, "రైట్ రైట్" అన్నాడు.

మలుపు రాగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని చెవిలో "పంది లేదు" అన్నాడు. కళ్ళు తెరిచేసరికి కల్వర్టు వెనకబడి, రోడ్డుకు అటూ ఇటూ టేకు చెట్లు మామూలుగా ఉన్నాయి.

భారతిని పీట మీద కూర్చోబెట్టారు. పేరంటాళ్ళు చుట్టూ చేరారు. మొదటి గాజు తీసి దాని వేళ్ళ దాకా తెచ్చాక, ఎందుకో వెనక్కి తిరిగి చూడాలనిపించింది. బాబాయి ఇంకా వాకిట్లో తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"హోల్డాన్" అన్నాను.

పేరంటాళ్ళు తెల్లబోయారు. శుభమా అని ఇదేమిటని భారతి అత్తగారు గొణిగింది. బాబాయి తడి కాళ్ళతో వచ్చి గుమ్మం పక్కన సర్దుకుని కూర్చునేదాకా గాజు అలాగే పట్టుకున్నాను.

"రైట్ రైట్" అని చెప్పి, తొడిగాను.