చూసొచ్చి చెప్పండి, లైన్లో ఉంటాను

మా మావయ్యగారు పోయిన కబురు నాకు ఫోన్‌లోనే తెలిసింది. అంతకు కాసేపటి ముందు అదే ఫోన్‌లో ఆయన నాతో మాట్లాడుతున్నారు. రాజమండ్రి ఆస్పత్రిలో ఉన్నారు, మర్నాడు ఇంటికి పంపేస్తామని డాక్టర్లు అన్నారు. నేను రావులపాలెంలో మా కొట్లో కూర్చుని, రంపాలకి పదును పెట్టడానికి కొత్తగా వచ్చిన డైమండ్ వీల్ గురించి అడిగాను. "దానిమీద స్పీడెంత రాశారో చూసొచ్చి చెప్పమ్మా, నేను లైన్లో ఉంటాను" అన్నారు. లోపలికెళ్ళి చూసొచ్చాను. "మావయ్యగారూ" అన్నాను. పలకలేదు. మళ్ళీ మళ్ళీ పిలిచాను. మందులకని కిందికెళ్ళిన మా ఆయన తిరిగొచ్చి ఆ ఫోన్ తీశారు. ఆయన ఏడుపు విన్నాక ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

ప్లైవుడ్ మిల్లుల్లో రంపాలకి కార్బైడ్ అనే, ఉక్కు కంటే గట్టి సరుకుతో చేసిన పళ్ళుంటాయి. అవి మొండిబారితే వజ్రపు పొడి పట్టించిన చక్రం, అంటే డైమండ్ వీల్‌తోనే పదును పెట్టాలి. ఏ మిషన్‌కి ఏ వీల్ సరిపోతుందో చూసి ఇవ్వడం మా మావయ్యగారి పని. ఎవరు ఫోన్ చేసినా వరసగా అడిగేవారు. దేన్ని అరగదియ్యాలండీ? నీళ్ళు పోస్తారా, పొడిగానా? మిషన్ స్పీడెంత? స్పీడు చెప్పకపోతే సరుకు కదిలేది కాదు.

"వీల్‌కి కూడా పెళ్ళిచూపులేంటండీ బాబూ!" అని ఒకాయన విసుక్కున్నాడు.

"ఆయ్, గోత్రం కూడా అడుగుతానండి" అన్నారు ఈయన, నవ్వకుండా.

ఇనప గేట్లు చేసే ఒకాయనకి డైమండ్ వీల్ ఇవ్వనన్నారు. "వజ్రం కంటే గట్టిదేముందండీ?" అని ఆయన గొడవ. "గట్టిదేనండి. వేడెక్కితే ఇనుమే దాన్ని తినేస్తుంది. మీకు మామూలు రాయి చాలు" అని పంపేశారు. వచ్చిన బేరం పోయిందని నేను లోపల్లోపల సణుక్కున్నాను.

వీల్‌లో వజ్రాల్ని పట్టి ఉంచే బాండ్ గురించి నాకు చెప్పిందీ ఆయనే. అరగదీసే సరుకు ఎంత గట్టిదైతే బాండ్ అంత మెత్తగా ఉండాలట. "అరిగిపోయినదాన్ని పట్టుకుని వేలాడకూడదమ్మా, వదిలెయ్యాలి. అప్పుడే వెనకున్న కొత్తది పైకొస్తుంది" అనేవారు. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది. ఎలా వదిలెయ్యమంటారు?

కొత్త వీల్ బిగిస్తే దాని ఎదురుగా ఎవర్నీ నిలబడనిచ్చేవారు కాదు. అందర్నీ పక్కకి లాగి, కాసేపు ఖాళీగా తిప్పేవారు. అంత పెద్దమనిషి, అది ఆగేదాకా నా మోచెయ్యి వదిలేవారు కాదు. బజార్లో పిరికాయన అని పేరు. ఎందుకంత భయమని అడిగాను. "దానిమీద రాసిన స్పీడు మించితే పగులుద్దమ్మా. ఒకసారి చూశాను. చాలు" అన్నారు. ఏం చూశారో చెప్పలేదు. ఆయన మొహం చూశాక అడగబుద్ధి కాలేదు.

కర్మకాండ అయ్యాక కొట్టు తెరిచాం. ఫోన్ దగ్గర కుర్చీ నాదైంది. అది మోగితే చాలు, నాలుగైదుసార్లు మోగేదాకా తియ్యలేకపోతున్నాను. మొన్న కోరుకొండ రోడ్డు మిల్లాయన ఫోన్ చేశారు.

"పాత సైజు వీలే బస్సులో వేసెయ్యండమ్మా, పనాగిపోయింది."

ఆ సైజులో మా దగ్గరున్నది ఆ రోజు నేను చూసొచ్చిన వీల్ ఒక్కటే. వెంటనే పంపేద్దామని, మాట్లాడుతూనే దాన్ని పెట్టెలో పెట్టేశాను కూడా. "మిషన్ స్పీడెంతండీ?" అన్నాను.

"స్పీడు రాసున్న ప్లేటు మీద రంగు కొట్టేశారండి. సైజొకటే కదా, ఏం కాదులెండి."

పగిలితే? ఎదురుగా ఎవరుంటారో, ఎవరింటి మనిషో!

"రంగు గీకి, చూసొచ్చి చెప్పండి. నేను లైన్లో ఉంటాను."

ఆయన గొణుక్కుంటూ ఫోన్ బల్లమీద పడేసి వెళ్ళారు. ఇక అటునుంచి మాట లేదు. ఆ రోజు విన్న నిశ్శబ్దమే మళ్ళీ. ఇంక ఎవరూ రారనిపించింది. ఫోన్ పెట్టేసి పారిపోదామనిపించింది.

"అమ్మగారండీ, ఉన్నారా?"

ఫోన్‌ని రెండు చేతుల్తో చెవికి అదుముకున్నాను.

"లైన్లో ఉన్నారా అండీ?"

"ఉన్నానండీ. చెప్పండి."

ఆయన స్పీడు చదివారు. పెట్టె తెరవక్కర్లేకపోయింది, నా వీల్ మీది అంకె నాకు కంఠతా వచ్చు. వాళ్ళ మిషన్ దానికంటే చాలా ఎక్కువ స్పీడుతో తిరుగుతుంది.

"ఇది వద్దండి. తగినది తెప్పించి పంపుతాను. బిగించాక ఎదురుగా నిలబడకండి, పక్కనుంచి ఖాళీగా తిప్పి చూడండి."

"ఆయ్, పెద్దాయనా ఇలాగే అనేవారండి" అని ఆయన పెట్టేశారు.

నేను ఫోన్ దించలేదు. ఆ రోజు మావయ్యగారికి చెప్దామని చూసొచ్చిన అంకెని, చెవికి ఆనించుకున్న ఆ ఫోన్‌లోకే మెల్లగా చెప్పాను.