దున్నల మడుగు ప్లాట్లు

ఒమన్‌లోని బహ్లాలో మంగలిషాపు తెరిచినా, పంక్చరు దుకాణం పెట్టినా, తాతలనాటి ఖర్జూరం తోటను అమ్మకానికి పెట్టినా ముందు మౌలాలి దగ్గరికి రావలసిందే. బోర్డులు చేసే దుకాణాలు ఊళ్లో ఇంకో రెండున్నాయి. కానీ అరబీ అక్షరాన్ని చేత్తో రాసి, ఆ తర్వాతే మిషన్‌కెక్కించేవాడు అతనొక్కడే. కోట కనబడే రోడ్డులో సగం బోర్డులు అతని చేతివే. పద్నాలుగేళ్లలో దుకాణం యజమాని అతన్ని పల్లెత్తు మాట అనలేదు.

నిజామాబాద్ జిల్లాలో రెండో నంబరు క్యాంపు అతని ఊరు. నిజాం కాలంలో కాలువ తవ్వించి, కోస్తా నుంచి రైతులను రప్పించి, భూములు కొలిచి ఇచ్చి, ఊళ్లకు పేర్లకు బదులు నంబర్లు పెట్టినప్పుడు పుట్టిన ఊరది. మౌలాలి తాత సర్వేవాళ్ల వెంట గొలుసు పట్టుకుని తిరిగినవాడు. వేల ఎకరాలు కొలిచాడు గానీ, ఆయనకు దక్కింది ఇంటి జాగా ఒక్కటే. మౌలాలి అదే ఊళ్లో గోడల మీద ఎరువుల ప్రకటనలూ, విత్తనాల ప్రకటనలూ రాస్తూ పెరిగాడు. ఫ్లెక్సీలొచ్చి అతని కుంచెను మూలన పడేశాక ఒమన్ విమానమెక్కాడు. భార్య వజీరున్నీసా ఊళ్లోనే ఉండిపోయింది. కూతురు అరీబా అతను వెళ్లాకే పుట్టింది.

రెండేళ్ల కిందట ఇస్రార్ అనే హైదరాబాదు మనిషి దుకాణానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. గల్ఫ్‌లో కష్టపడేవాళ్లకు ఇంటి దగ్గర ప్లాట్లు అమ్ముతున్నాననీ, తెలుగులో పాంప్లెట్ కావాలనీ అన్నాడు. బల్ల మీద నక్షా పరిచాడు. అది రెండో నంబరు క్యాంపు నక్షా.

ఊరు చూడగానే మౌలాలికి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే కాలువ కట్ట, దానికి తూర్పున ఎర్ర గీతలతో కోసిన ప్లాట్లు కనబడ్డాయి. అది దున్నల మడుగు. కాలువలో మిగులు నీరంతా చేరే పల్లం. వాన పడితే దున్నపోతులు మెడదాకా మునిగి పడుకునే చోటు. పంటకు పనికిరాదని ఆ కాలపు సర్వేవాళ్లే ఎవరికీ పంచకుండా వదిలేశారు. ఇప్పటికీ అది సర్కారు భూమే.

“ఇది మడుగు, ఇస్రార్ సాబ్. ఇక్కడ ఇల్లు నిలబడదు” అన్నాడు మౌలాలి ఉర్దూలో.

ఇస్రార్ నవ్వాడు. మట్టి పోయిస్తామనీ, కాగితాలు తయారవుతున్నాయనీ చెప్పాడు. ఆ తర్వాత, “నువ్వా ఊరివాడివేనా? మంచిదే అయింది. అక్కడ మా ఆఫీసు తెరుస్తాం. ప్రచారం పనంతా నీ చేతిలో పెడతాను. ఇంకా ఎన్నాళ్లుంటావు ఈ ఎండలో” అన్నాడు.

ఆ చివరి మాట మౌలాలి గుండెలో దిగింది. అరీబా పుట్టినప్పుడు అతను ఇక్కడే ఉన్నాడు. బడిలో చేరినప్పుడూ ఇక్కడే ఉన్నాడు. ఫోనులో కూతురు తనతో మర్యాదగా, దూరపు చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. రెండు రోజులు తిండి సయించక ఆలోచించాడు. మూడోనాడు పాంప్లెట్ రాయడానికి కూర్చున్నాడు.

ఇస్రార్ అడిగింది అక్షరాలే. మాటలు కూడా మౌలాలే కట్టాడు. ‘తాతల కాలంలో క్యాంపు, పిల్లల కాలానికి పట్నం’ అని పైన పెద్దగా రాశాడు. కింద, ‘నిండు కాలువ పక్కన, నీటికి కొదవలేని చోట’ అన్నాడు. ఏళ్ల తర్వాత తెలుగు రాస్తుంటే చెయ్యి దానంతటదే పరుగెత్తింది. రాసింది బాగుందని అతనికి తెలుసు. అది తలచుకుంటేనే ఇప్పుడు అతనికి ఒళ్లు మండుతుంది.

పాంప్లెట్లు బహ్లా చాయ్ హోటళ్లలో, రేవు ఊళ్లయిన దుక్మ్ లేబర్ క్యాంపుల్లో, రైసూత్ ఫ్యాక్టరీల గేట్ల దగ్గర గోడలకెక్కాయి.

గంగన్న వాటిలో ఒకటి పట్టుకుని శుక్రవారం మౌలాలి రూమ్‌కొచ్చాడు. అతనిది జగిత్యాల వైపు. భార్య కమలవ్వ అక్కడే ఉంటుంది. బహ్లాలో ఇనుప చువ్వలు వంచే పని. ఎనిమిదేళ్లుగా సెలవు రోజున ఇద్దరూ కలిసే వండుకుంటారు. మౌలాలికి జ్వరం వచ్చి పదిరోజులు మంచమ్మీద పడి ఉన్నప్పుడు డ్యూటీ దిగి వచ్చి గంజి కాచి పోసినవాడు గంగన్నే.

“మౌలాలి భాయ్, ఇది మీ ఊరే గదా. కమలవ్వ బీడీలు చేసి చేసి నడుం పడిపోయింది. ఇంత జాగ కొని రెండర్రలు ఏసుకుంటె నేను గూడ వాపసు పోత. నువ్వు జెప్పు, జాగ ఎట్లుంటది?”

మౌలాలి ఉల్లిగడ్డ తరుగుతున్నాడు. కత్తి ఆగింది. ఇస్రార్ ఆఫీసు, తన కుర్చీ, సాయంత్రం బడి నుంచి వచ్చే అరీబా, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు ఆడాయి.

“జాగ మంచిదే, గంగన్నా. నీళ్లకు కొదవ లేదు” అన్నాడు.

అబద్ధం ఆడలేదని ఆ పూట తనకు తాను చెప్పుకున్నాడు. గంగన్న ఇంకో మాట అడగలేదు. ఆ వారమే డబ్బు కట్టి ప్లాటు కాగితాల మీద సంతకం పెట్టాడు. గంగన్న పెట్టాడని అతని లేబర్ క్యాంపులో పదకొండుమంది పెట్టారు.

మరుసటేడు వానాకాలంలో గంగన్న సెలవు మీద ఇంటికి వెళ్లాడు. కమలవ్వను వెంటబెట్టుకుని రెండో నంబరు క్యాంపుకు పోయి ప్లాటు చూపించమని అడిగాడు. ఊరివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని కాలువ కట్ట ఎక్కించారు. కట్ట కింద నీళ్లు తప్ప మరేమీ లేవు. హద్దురాళ్ల తలలు అక్కడక్కడా నీటి పైకి కనబడుతున్నాయి. తమ రాయి ఏదో చూస్తానని కమలవ్వ చీర ఎగ్గట్టుకుని మోకాటి లోతు దిగింది. గంగన్న వద్దనేదాకా వెనక్కి రాలేదు. వచ్చి కట్ట మీద కూలబడింది. నెత్తీ నోరూ కొట్టుకోలేదు. “ఎవరు జెప్పిండ్రు నీకు?” అని ఒక్క మాట అడిగింది.

బహ్లా తిరిగొచ్చిన రోజే గంగన్న దుకాణానికి వచ్చాడు. మౌలాలి కుర్చీ జరిపాడు. గంగన్న కూర్చోలేదు.

“గది మడుగని నీకు ముందుగాలనే ఎర్కనా, భాయ్?”

తెలియదనవచ్చు. ఊరు వదిలి పద్నాలుగేళ్లయింది, ఏ మూల ఏముందో మరిచానంటే నమ్మడానికి గంగన్న సిద్ధంగానే ఉన్నాడు. అతని కళ్లలో అది కనబడుతూనే ఉంది.

“ఎర్కే” అన్నాడు మౌలాలి.

గంగన్న గోడకున్న రంగుల నమూనా పట్టీల వైపు చూపు తిప్పాడు. “ఎర్క లేదంటవనుకున్న. అట్లంటె జర మంచిగుండేది” అని వెళ్లిపోయాడు.

ఇస్రార్ ఫోను అప్పటికే మూగబోయింది. ఆ తర్వాత వారం రోజులు మౌలాలి బ్లేడు పట్టుకుని బహ్లా హోటళ్ల గోడల మీద తన పాంప్లెట్లు గీకాడు. బస్సెక్కి దుక్మ్ పోయి అక్కడి క్యాంపులోనూ గీకాడు. కొన్నవాళ్లను మెస్సులో కూర్చోబెట్టి, మడుగు సంగతి తనకు ముందే తెలుసని చెప్పాడు. కొడతారనుకున్నాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఒక ముసలి మేస్త్రీ మాత్రం, “నీ రాత సూసే కొన్న బిడ్డా” అని పళ్లెం కడుక్కోవడానికి లేచాడు.

కొన్నవాళ్ల తరఫు మనుషులు ఊళ్లో పోలీసు కేసు పెట్టారు. అందులో ఇస్రార్ మొదటివాడు, అతని భాగస్వాములు ఇద్దరు, నాలుగోవాడు మౌలాలి. ఇస్రార్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. నాలుగోవాడి ఇల్లు మాత్రం అందరికీ తెలుసు. పోలీసులు రెండుసార్లు వచ్చి వెళ్లారు. దిగితే విమానాశ్రయంలోనే పట్టుకుంటారటనీ, అరీబా బడికి పోనంటోందనీ, ఇప్పట్లో రావద్దనీ వజీరున్నీసా ఫోనులో చెప్పింది. భార్య నోట రావద్దన్న మాట వినడం అతనికి అదే మొదలు.

కేసులో తన పేరు ఎలా ఎక్కిందో తెలుసుకోకుండా ఉండలేక, మౌలాలి ఒక శుక్రవారం గంగన్న సైటు గేటు దగ్గర నిలబడ్డాడు.

“నువ్వు చెప్పినవా, గంగన్నా?”

“ఎవరు రాసిండ్రని అడిగిండ్రు. చెప్పిన” అన్నాడు గంగన్న. కోపం లేదు ఆ గొంతులో. “నేను అడిగిననాడు నువ్వు గూడ చెప్పేదుండె.”

గంగన్న ఇంకో రెండేళ్ల కాంట్రాక్టు రాసుకున్నాడు. మౌలాలి కూడా వీసా పొడిగించుకున్నాడు. ఇద్దరూ బహ్లాలోనే ఉన్నారు. బజార్లో ఎదురుపడితే గంగన్న ఆగి, ఆరోగ్యం ఎట్లున్నదని అడుగుతాడు. మౌలాలి బాగానే ఉందంటాడు.