మూత విప్పని చిన్న సీసా

జూలై పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నర. తెల్లవారుజామున మొదలైన సన్నజల్లు ఇంకా కిటికీ అద్దాలను వదలలేదు. సూక్ష్మజీవుల ప్రయోగశాలలో, కాచిన సీసాలు చల్లార్చే అర తుడుస్తున్న ఒక స్త్రీ చేతికి, పెద్ద జాడీల వెనుక, మూత విప్పని చిన్న సీసా తగిలింది. తీసి వెలుతురుకు ఎత్తి చూసింది. నిండుగానే ఉన్నది.

బాక్టీరియాకు ఆహారమైన ద్రవాన్ని ఏళ్ల తరబడి కాచేది ఆమే. అందుకే అందరికీ ఆమె కషాయమ్మ. అందులో పడవలసిన ఫాస్ఫేటును, అంటే భాస్వరపు లవణాన్ని, తక్కిన లవణాలతో కలిపి కాస్తే తెల్లని మడ్డి కడుతుంది. కనుక వేరే సీసాలో కాచి, చల్లారాక కలపాలి. కిందటి వారం కలపడం మరచిన సీసా అది. ఎవరూ చూడలేదు. తొట్టిలో ఒంపి, కడిగి, బోర్లించింది.

ఫాస్ఫేటు పడని ఆ ద్రవంలో బాక్టీరియాను పెంచినది స్వయానా ఆమె అక్క కూతురు, అక్కడే పరిశోధన చేస్తున్న పిల్ల. బాక్టీరియా కణాన్ని చుట్టిన పొర కొవ్వులతో అల్లినది. భాస్వరం ఉన్నవి ఫాస్ఫోలిపిడ్లు, చక్కెర ఉన్నవి గ్లైకోలిపిడ్లు. గాజుపలకల మీద విడదీసి మందులు చల్లితే, మొదటివి నీలంగా, రెండవవి ఊదాగా తేలుతాయి. ఆ మధ్యాహ్నం పిల్ల చేతిలోని పలక మీద నీలం దాదాపు లేదు. ఊదా మచ్చలు మాత్రం నిగనిగలాడుతున్నవి.

"చూశావా పిన్నీ? భాస్వరంతో పనిలేకుండా పొర కట్టేసుకుంది నా బుజ్జిముండ! అంతా నీ కషాయం మహిమే!"

కషాయమ్మ నవ్వలేక నవ్వింది.

ప్రయోగశాల నడిపే పెద్దసారు మళ్లీ చేయమన్నారు. ఈసారి ఫాస్ఫేటు కలిసింది. నీలం నిండుగా వచ్చింది.

"మొదటి పలకకి నీలం మందు అసలు చల్లావా అమ్మాయ్? పేరొస్తుందని ఆత్రపడి మానేశావా?" అన్నారాయన, నలుగురి ముందర.

"చల్లాను సార్! ద్రవం కూడా ఎప్పటిదే. నువ్వు చెప్పు పిన్నీ!"

"ఎప్పట్లాగే కాచానండీ," అన్నది కషాయమ్మ. మాట జారిపోయింది, నాలుక కరుచుకుంటే తిరిగి వస్తుందా?

వెనక బల్ల దగ్గర ఎవరో, "పలక మీద రాని రంగు మొహం మీదికొచ్చింది," అని కిసుక్కుమన్నారు. పిల్ల తల వంచుకుని బయటికి నడిచింది.

ఆ రోజు కషాయమ్మకు ముద్ద దిగలేదు. ఆ పిల్లకు గోరుముద్దలు తినిపించిన చేయీ ఇదే, సీసా ఒంపిన చేయీ ఇదే. మర్నాడు అందరూ ఉండగా నిలబడి చెప్పింది.

"తప్పు నాది సార్. ఫాస్ఫేటు కలపలేదు. సీసా దొరికితే పారబోశాను. నిన్న అబద్ధమాడాను."

పెద్దసారు కావాలనే ఫాస్ఫేటు తగ్గించి పెంచమన్నారు. నీలం వెలిసిపోయింది, ఊదా పెరిగింది. భాస్వరం కరువైనప్పుడు బాక్టీరియా చక్కెర కొవ్వులతోనే పొర నిలుపుకున్నది. వేరే బాక్టీరియాలలో ఎప్పుడో తెలిసిన సంగతే. పిల్లకు కొత్త పేరు రాలేదు గాని, మాట నిలిచింది.

"మరిచిపోతే మరిచిపోయావులే పిన్నీ. కానీ నేను నీ వైపు చూశానే, అప్పుడు చెప్పాల్సింది."

మళ్లీ ద్రవం ఇచ్చేటప్పుడు కషాయమ్మ, ఫాస్ఫేటు కలిపేసిన ఖాళీ సీసాను వెలుతురుకు ఎత్తి పిల్లకు చూపింది.

ఆమె ఉద్యోగం పోలేదు. పిల్ల పట్టా పుచ్చుకుని వేరే ఊళ్లో పనిలో చేరింది. ఈ ప్రయోగశాలలో ఉండగా, మొదట్లో ద్రవం అందుకునే ముందు, "చిన్న సీసా ఏదీ?" అని అడిగేది, కొన్నాళ్లకు మానేసింది. కషాయమ్మ మాత్రం ఖాళీ సీసాను వెలుతురుకు ఎత్తి చూపడం మానలేదు, చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా.