చీటీ మీద పేరు

మా మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం హాస్టల్‌కు నూరడుగుల దూరంలో ఉండేది. నా రూమ్మేట్ మాత్రం వైద్యానికి కొండగట్టు ఎక్కాడు.

మూడో ఏడాదిలో ఉన్నాం. రెండు నెలలుగా వాడికి నిద్ర లేదు. వార్డుకు రావడం మానేసి గోడవైపు తిరిగి పడుకునేవాడు. వాళ్లవ్వ చొప్పదండి నుంచి వచ్చి తీసుకుపోయింది. అంజన్న దగ్గర పదకొండు రోజులుంటే మనసు కుదుటపడుతుందని ఆమె నమ్మకం. హేతువాద సభల్లో గొంతు చించుకునే నాకు ఒళ్లు మండింది. వాణ్ని దింపుకురావాలని బస్సెక్కాను.

సత్రం వరండాలో కూర్చుని ఉన్నాడు, గడ్డం పెరిగి.

"ఏందిరా, మీటింగ్ పెట్టొచ్చినవా? మైకు మరిచినట్టున్నవ్."

"చదివేది డాక్టరీ. గీడ గంట కొడితే నిద్రొస్తదారా?"

"రాదు. నాకు తెల్వదా?"

"మరి మన ఓపీకి ఎందుకు పోలే?"

"చీటీ మీద పేరు రాస్తరు. గక్కడ పోస్టింగుల ఉన్నది మన బ్యాచే. సార్ నన్ను కుర్చీల కూసోబెట్టి, గీ పేషెంట్ లక్షణాలు చెప్పున్రి అంటే, మొదలు చెయ్యి లేపేది నువ్వే. గీడ పేరడిగినోడు లేడు."

ఆ విభాగం నుంచి వచ్చి, రోగుల మాటలు అనుకరించి మెస్‌లో అందరినీ నవ్వించింది నేనే. రేపు వైద్యులం కాబోయే మేమే ఆ జబ్బును అంటరానిదాన్ని చేశాం.

"కరీంనగర్ల మనసు డాక్టర్ దగ్గరికి పోదాం పా. ఆడ నిన్ను గుర్తుపట్టేటోడు ఉండడు."

వాడు నా ముఖంలోకి చూశాడు. "నువ్వెప్పుడన్న పోయినవా? నిజం చెప్పు. మనల ఒక్కడు పోయి మంచిగైండంటే గిప్పుడే దిగుత."

నేను పోయాను. ఏడాది కింద, కరీంనగర్‌లోనే, చీటీ మీద మా అన్న పేరు రాయించి. ఆరు నెలలు ఆ మాత్రలు విటమిన్ సీసాలో దాచుకుని మింగాను. బాగయ్యాను కూడా. దాచిన నిజం జనాన్ని చంపుతుందని వేదికలెక్కి అరిచేవాణ్ని.

"నాకెందుకురా, నేను మంచిగనే ఉన్న," అన్నాను.

వాడు తలూపాడు. గోడవైపు తిరిగాడు.

"తిని పో బిడ్డా," అంది వాళ్లవ్వ. తిని, ఒక్కణ్నే బస్సెక్కాను.

పదకొండు రోజులు నలభై ఒకటయ్యాయి. పరీక్ష హాల్లో వాడి నంబరు వేసిన బల్ల మూడు గంటలూ ఖాళీగా ఉంది. మరుసటి ఏడాది జాబితాలో ఆ నంబరే లేదు.